శనివారం ఆఖరి పీరియడ్

“చెప్పింది నువ్వేనా, కాదా? ఒక్క మాటలో తేల్చు.”

సోషల్ మాస్టారు నిన్న సాయంత్రం నుంచీ ఇదే ప్రశ్న అడుగుతున్నారు. పొద్దున పళ్లు తోముకుంటూ అడిగితే నురగలో ప్రశ్న సగం మునిగిపోయింది. చొక్కా వేసుకుంటూ అడిగితే ఒక బొత్తం వెళ్లి పక్క కన్నంలో కూర్చుంది. ఇప్పుడు వంటింటి గుమ్మానికి ఆనుకుని అడుగుతున్నారు.

కూతురు బూట్ల లేసులు కట్టుకుంటోంది. లేసులు కట్టుకోవడానికి అంత ఏకాగ్రత కావాలని ఆ ఇంట్లో అంతకుముందు ఎవరికీ తెలియదు.

“దాన్నేం అడుగుతావురా,” అంది కుర్చీలోంచి మాస్టారి తల్లి. “ప్లీడరు అది. ఒక్క మాటలో తేలిస్తే ప్లీడర్ల పొట్ట గడుస్తుందా?”

మనవరాలికి ప్లీడరని పేరు పెట్టింది ఆవిడే. చిన్నప్పుడు జ్వరమొస్తే, “మందు తియ్యగా ఉందే, తాగు” అని ఆవిడ బుజ్జగించబోయింది. “అయితే ముందు నువ్వు తాగు” అంది పిల్ల. ఆవిడ తాగాల్సి వచ్చింది. ఆ చేదు ఇంకా నాలుక మీదే ఉన్నట్టు మాట్లాడుతుంది.

“అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో. ఇక్కడ నా ఉద్యోగం ఊడేట్టుంది.”

“ఊడితే ఊడనీరా. ఉన్నన్నాళ్లూ మాత్రం ఏం చెప్పావు గనక?”

ముసలావిడకి అసలు సంగతి పూర్తిగా తెలియదు. తెలియకుండానే గురి చూసి కొట్టడం ఆవిడకి చిన్నప్పట్నుంచీ అలవాటు.

నిన్న మధ్యాహ్నం పెద్ద మేడమ్ మాస్టారిని తన గదికి పిలిచి, కూర్చోమనకుండా, “పదో తరగతికి ఆఖరి మూడు పాఠాలు మీరు చెప్పలేదట కదా” అంది.

“ఎవరన్నారు మేడమ్?”

“ఎవరంటే ఏం లెండి. చెప్పారా?”

“చెప్పకుండా ఎలా ఉంటాను మేడమ్...”

“అలాగా. రేపు ఆఖరి పీరియడ్‌కి నేనే వచ్చి పిల్లల్ని అడుగుతాను. చెప్పలేదని తేలితే వచ్చే ఏడాది సోషల్ డ్రిల్లు మాస్టారికి ఇచ్చేస్తాను. ఆయన గొంతూ పెద్దదే, ఖాళీగానూ ఉంటున్నాడు.”

ఆ స్కూల్లో మాస్టార్లని ఏటేటా గోడ మీద క్యాలెండరు మార్చినట్టు మారుస్తారు. పాతది తీసి మేకుకి కొత్తది తగిలిస్తారు. మేకు మాత్రం అదే.

“ముందు తినండి,” అంది మాస్టారి భార్య, కంచం తెచ్చి బల్ల మీద పెడుతూ. “ఖాళీ కడుపుతో కోపం మంచిది కాదు.”

ఆవిడ చాలా ఏళ్లుగా మందుల షాపు కౌంటర్లో నిలబడుతోంది. ఆవిడ లెక్కలో లోకంలోని సమస్త వస్తువులూ రెండే రకాలు: భోజనానికి ముందువి, భోజనం తర్వాతవి. గొడవలు రెండో రకం. పెళ్లయిన కొత్తలో మాస్టారు ఒకసారి తినకముందే అలగబోతే, అన్నం పెట్టి తినిపించి మరీ అలగనిచ్చింది.

“నువ్వైనా అడగవే దాన్ని.”

“ఏమని అడగను? పాఠాలు చెప్పారా అని మిమ్మల్ని అడగమంటారా?”

మాస్టారు కంచంలోకి చూశారు.

“నాన్నా,” అంది కూతురు రెండో బూటు అందుకుంటూ, “నిన్నట్నుంచీ ఎవరు చెప్పారు ఎవరు చెప్పారని అడుగుతున్నావు. చెప్పింది నిజమా కాదా అని ఎవరూ అడగరేం?”

“అదుగో, క్రాస్ మొదలెట్టింది,” అంది నాయనమ్మ సంబరంగా.

“ఇదంతా ఆ చరిత్ర గ్రూపు పిచ్చి!” అన్నారు మాస్టారు. “వచ్చే ఏడాది లెక్కల గ్రూపు తీసుకోమన్నాననే కదే నా మీద ఈ కక్ష? చరిత్ర చదువుతుందట చరిత్ర! సోషల్ చదివినవాళ్లు చివరికి ఏమవుతారో తెలుసా నీకు?”

“నీలా అవుతారు,” అంది మాస్టారి తల్లి.

“అదేగా నేననేది!” అని మాస్టారు ఉత్సాహంగా చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి అక్కడే కాసేపు నిలబడి, తనేం ఒప్పుకున్నారో తట్టాక, కిందికొచ్చి చొక్కా బొత్తం సరిచేసుకుంది.

తండ్రీ కూతుళ్లిద్దరూ ఒకే స్కూలుకి నడిచి వెళతారు. స్కూలు గేటు దగ్గర నాన్న సార్ అవుతారు, సాయంత్రం అదే గేటు దగ్గర సార్ మళ్లీ నాన్న అవుతారు. ఆ పద్ధతి మాస్టారే పెట్టారు, మిగతా పిల్లలు చిన్నబుచ్చుకోకూడదని. ఇన్నేళ్లలో ప్లీడరు ఒక్కసారీ తప్పలేదు.

ఆ రోజు దారంతా ఆయన్ని ఏ పేరుతోనూ పిలవలేదు.

* * *

సోషల్‌కి ఏడాది మొదట్లో రోజూ ఒక పీరియడ్ ఉండేది. అర్ధసంవత్సర పరీక్షలు కాగానే లెక్కలవాళ్లు రెండు పట్టుకెళ్లారు. సైన్సువాళ్లు ప్రయోగాలున్నాయని ఒకటి తీసుకున్నారు. ఇంగ్లీషు మేడమ్ అడగనన్నా అడగలేదు, ఖాళీ సీటు చూసి కూర్చున్నట్టు రెండింట్లో కూర్చుంది. చివరికి వారం మొత్తానికీ ఒకటి మిగిలింది, శనివారం ఆఖరి పీరియడ్. అప్పటికి పిల్లల సంచుల జిప్పులు వేసి ఉంటాయి. మనసులు ఇంటికెళ్లి కాళ్లు కడుక్కుంటూ ఉంటాయి.

మాస్టారు ఆ ఒక్కటీ నిలబెట్టుకోగలిగేవారే.

కానీ లెక్కల మాస్టారి ట్యూషన్లో ఖాళీ లేదు. పొద్దున్నే ఆయన ఇంటి ముందు విప్పిన చెప్పులు వీధి మలుపు దాకా ఉంటాయి. తన కూతురు లెక్కల గ్రూపుకి వెళ్లాలంటే ఆ చెప్పుల వరసలో దాని చెప్పులూ ఉండాలని మాస్టారికి అనిపించింది. సంక్రమించిన జబ్బులా అనిపించింది, ఎందుకంటే స్టాఫ్ రూములో అందరికీ అదే అనిపిస్తోంది.

“మీ అమ్మాయికి చోటు చూడకపోతే ఎలాగండీ,” అన్నాడు లెక్కల మాస్టారు. “మీరు మాత్రం నాకో సాయం చెయ్యాలి. మీ శనివారం నాకిచ్చెయ్యండి.”

ఇచ్చేశారు.

అప్పట్నుంచీ ప్రతి శనివారం ఆఖరి పీరియడ్లో సోషల్ మాస్టారు స్టాఫ్ రూములో పేపరు చదువుకున్నారు. గోడకి అవతల లెక్కల మాస్టారు సోషల్ పీరియడ్లో లెక్కలు చెప్పాడు. బెల్లు కొట్టేముందు మాస్టారు గబగబా వెళ్లి రెండు ముఖ్యమైన ప్రశ్నలకి జవాబులు చెప్పి రాయించేవారు. ప్రశ్న ఎందుకు ముఖ్యమో అడిగితే, “పరీక్షలో వస్తుంది కనక” అనేవారు. పరీక్షలో ఎందుకొస్తుందంటే, ముఖ్యం కనక.

ఈ శనివారం కూడా లెక్కల మాస్టారు కులాసాగానే ఉన్నాడు.

“అంత కంగారెందుకండీ మీకు? క్లాసంతా మనవైపే.”

“పిల్లల నోట్లో మాట పెట్టడం బాగుండదేమో...”

“మాటలెందుకు పెట్టడం? ఇంటర్నల్ మార్కులు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయని గుర్తు చేస్తే చాలదూ? పొద్దున నా పీరియడ్లోనే గుర్తు చేసేశాను.”

సోషల్ మాస్టారికి కోపం రావాలి. వస్తుందేమోనని ఆయన కాసేపు చూశారు కూడా.

“చాలా శ్రమ తీసుకున్నారు,” అన్నారు చివరికి.

అయినా మనసు ఊరుకోలేదు. పూర్తిగా అబద్ధం ఆడించడం ఆయనకి ఇష్టం లేదు, కొంతైనా నిజం కలిపితే బాగుంటుందనిపించింది. మధ్యాహ్నం భోజనాల బెల్లుకి ముందు క్లాసులోకి వెళ్లి, బోర్డు మీద మూడు పాఠాల పేర్లు గుండ్రటి అక్షరాలతో రాశారు: ఎన్నికలు. అధిక సంఖ్య, అల్ప సంఖ్య. పౌరుడి బాధ్యతలు. పేర్ల కింద గీతలు కూడా గీశారు.

“ఇవి మూడూ చెప్పుకున్నాం. సందేహాలేమైనా ఉన్నాయా?”

మూడో వరసలో ఒక చెయ్యి లేచింది.

మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. బయట గోడ ఉంది. దాన్ని చాలా శ్రద్ధగా చూశారు.

“సందేహాలు లేవు. అంటే అర్థమైనట్టే.”

చెయ్యి కాసేపు అలాగే ఉండి దిగిపోయింది.

* * *

ఆఖరి పీరియడ్‌కి పెద్ద మేడమ్ వచ్చింది. బోర్డు మీద పేర్లు చదివింది. గీతలు కూడా చూసింది.

“పిల్లలూ, సార్ ఈ పాఠాలు చెప్పారా?”

“చెప్పారు మేడమ్!”

అంత ముక్తకంఠంతో ఆ క్లాసు రెండో ఎక్కం కూడా ఎప్పుడూ చెప్పలేదు.

“మంచిది. చెప్పలేదనేవాళ్లు ఎవరైనా ఉంటే లేచి నిలబడండి.”

ఎవరూ కదల్లేదు. మాస్టారు ఊపిరి వదలబోయారు. అప్పుడు మూడో వరసలో బల్ల కిర్రుమంది.

ప్లీడరు నిలబడింది. పొద్దున అంత శ్రద్ధగా కట్టుకున్న లేసుల్లో ఒకటి ఊడి ఉంది.

“చెప్పలేదు మేడమ్. పేర్లు ఇవాళ రాశారు. పాఠాలు చెప్పలేదు. శనివారాలు లెక్కలు చేశాం.”

క్లాసు మొత్తం ఒక్కసారి దానివైపు తిరిగింది. దాని పక్కన కూర్చునే పిల్ల కొంచెం దూరం జరిగింది.

“ఆయన మీ నాన్నగారే కదూ?” అంది మేడమ్.

“ఇక్కడ సార్ మేడమ్.”

మేడమ్ మాస్టారివైపు తిరిగింది. “ఏమంటారు మాస్టారూ? అందరూ చెప్పారంటున్నారు. మీ అమ్మాయి ఒక్కతే లేదంటోంది.”

జవాబుకి టైము లేకపోలేదు. మేడమ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆ కాస్తలో మాస్టారికి ఉద్యోగం గుర్తొచ్చింది, డ్రిల్లు మాస్టారి గొంతు గుర్తొచ్చింది, వీధి మలుపు దాకా ఉన్న చెప్పులు గుర్తొచ్చాయి. ఎదురుగా నిలబడ్డ కూతురు కూడా గుర్తొచ్చింది, కానీ అది ఎదురుగానే ఉంది కనక ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మాస్టారు నవ్వారు.

“ఇంట్లో చిన్న గొడవ మేడమ్. వచ్చే ఏడాది గ్రూపు గురించి. నిన్నట్నుంచీ నామీద అలక. ఆ కోపంలో ఏదో... చిన్నపిల్ల కదండీ.”

క్లాసు నవ్వింది. ముందు వరస మొదలెడితే వెనక వరసలు అందుకున్నాయి. ఇంటర్నల్ మార్కులకి ఇది కూడా పనికొస్తుందేమో ఎవరికి తెలుసు?

“ఇంటి గొడవలు క్లాసులోకి తేకూడదమ్మా,” అంది మేడమ్. “అందులోనూ కన్నతండ్రి మీద. కూర్చో.”

ప్లీడరు కూర్చోలేదు. మేడమ్ రెండోసారి చెప్పలేదు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, “వచ్చే ఏడాదీ మీరే మాస్టారూ,” అంది.

బెల్లు కొట్టేదాకా మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయన పాఠం మొదలెట్టి ఉండొచ్చు. సుద్దముక్క ఉంది, పీరియడ్ ఉంది, పాఠం పేరు బోర్డు మీదే ఉంది. లెక్కల మాస్టారు కూడా రాలేదు ఆ రోజు. ఇన్ని నెలల్లో మొదటిసారి శనివారం ఆఖరి పీరియడ్ ఆయనకి పూర్తిగా దక్కింది.

ఆయన సుద్దముక్కని బల్ల మీద అటూ ఇటూ దొర్లించారు.

బెల్లు కొట్టాక సంచులన్నీ పరుగెత్తాయి. గేటు దగ్గర మాస్టారు కూతురి కోసం నిలబడ్డారు. అది వచ్చింది, గేటు దాటింది, నాన్నా అనకుండా ముందుకి నడిచి వెళ్లిపోయింది.

* * *

“ఉందా, ఊడిందా?” అంది తల్లి, ఆయన చెప్పులు విప్పకముందే.

“ఉంది.”

“మరి ఊడినవాడి మొహం వేసుకొచ్చావేంరా?”

మాస్టారు లోపలికి వెళ్లి మొహం కడుక్కున్నారు. తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నారు. తువ్వాలు తీసేసరికి కూతురు ఎదురుగా నిలబడి ఉంది.

“లెక్కల గ్రూపే తీసుకుంటాను సార్.”

“ఇంట్లో సార్ ఏమిటే?”

“మీరు చెప్పని పాఠం ఇవాళ చెప్పారుగా. రెండోది. అధిక సంఖ్య, అల్ప సంఖ్య.” గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది మాస్టారికి. “బాగా అర్థమైంది సార్. సందేహాలు లేవు.”

“అది కాదే, అమ్మలూ, నీ మంచికే కదా...”

తలుపు వేసుకుంది. గడియ పెట్టలేదు, గడియ పెట్టి ఉంటే ఆయన తలుపు కొట్టేవారు. కాసేపట్లో లోపల్నుంచి పైకి చదవడం వినిపించింది. “ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ ఈజ్ ఈక్వల్ టు ఏ స్క్వేర్ ప్లస్...” ఏడాదంతా పోరినా పైకి చదవని పిల్ల, ఇప్పుడు పక్కింటివాళ్లకి కూడా వచ్చేసేట్టు చదువుతోంది.

“గెలిచావు కదరా,” అంది తల్లి.

దీపాలు పెట్టే వేళకి భార్య షాపు నుంచి వచ్చింది. అప్పటికే మనవరాలి గదిలోకెళ్లి అంతా రాబట్టిన అత్తగారు జరిగింది చెప్పింది, నడుమ నడుమ ప్లీడరు మాట్లాడినట్టు గొంతు కూడా మార్చి. కోడలు సంచి భుజానే ఉంచుకుని వింది. విన్నాక వంటింట్లోకి వెళ్లి కూర వేడి చేసింది. నాలుగు కంచాలు పెట్టింది.

మాస్టారు చెయ్యి కడుక్కుని కూర్చున్నారు. గరిటె గిన్నెలోనే ఉంది. ఆవిడ వడ్డించలేదు.

“తినకముందే మీకో మాట చెప్పాలి,” అంది.

మాస్టారు ఉలిక్కిపడ్డారు. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ఇలాంటిది జరగలేదు.

“భోజనం చేశాక చెప్పొచ్చుగా.”

“ఇది ముందుదే. మీ మేడమ్‌కి చెప్పింది నేను.”

“ఏం చెప్పావు?”

“పాఠాలు చెప్పట్లేదని. గురువారం వాళ్లమ్మగారి మందుల కోసం షాపుకొచ్చింది. కవర్లో వేసిస్తూ చెప్పాను. ఉద్యోగం దాకా పోతుందనుకోలేదు. మందలించి మళ్లీ చెప్పిస్తుందనుకున్నా.”

“నువ్వా?” మాస్టారి గొంతు వంటింటి పైకప్పుకి తగిలింది. “కట్టుకున్న పెళ్లానివి, నా అన్నం నువ్వే...”

“వారమంతా ఆ శనివారం కోసం చూసేదండీ అది. మీ పాఠం కోసం. చిన్నప్పుడు పక్క మీద దుప్పటి ముడతలు పెట్టి, ఇవి కొండలు, ఇది లోయ, ఇందులోంచి నది పోతుంది, ఈ ఒడ్డున ఊరు పుట్టింది అని చెప్పేవారు, గుర్తుందా? దుప్పటి సర్దనిచ్చేది కాదు, ఊళ్లు పోతాయని. ఆ పిచ్చి దానికి అంటించింది మీరే. ఆ గంట తీసుకెళ్లి ట్యూషన్ కింద జమ కట్టారు.”

“దాని కోసమే కదే!”

“అవును. దాన్నడిగారా?”

లోపల హోల్ స్క్వేర్ అయి క్యూబ్ మొదలైంది.

“మరి... నిన్నట్నుంచీ చంపుకు తింటుంటే, నేను కాదు అని ఒక్క మాట అనలేదేం అది?” అన్నారు మాస్టారు. గొంతు కిందికి దిగింది.

“నేను చెప్పేటప్పుడు అది కౌంటర్ పక్కనే ఉంది. నన్ను పట్టివ్వలేదు. ఇవాళ మేడమ్ అడిగింది ఎవరు చెప్పారని కాదు, చెప్పారా లేదా అని. దానికి మాత్రం జవాబు చెప్పింది.”

మాస్టారు తల్లివైపు చూశారు. ముసలావిడ కంచం అంచు వేలితో తుడుస్తోంది. ఏదో ఒకటి అంటుందేమోనని ఆయన ఆశగా ఎదురు చూశారు. ఆవిడ తుడుస్తూనే ఉంది.

“సోమవారం పొద్దున షాపుకి సెలవు పెడతాను,” అంది భార్య. “మీ మేడమ్ దగ్గరికెళ్లి, చెప్పింది నేనని, పిల్ల చెప్పింది నిజమని చెప్తాను. అలక మీద అబద్ధమాడిందని క్లాసంతా నవ్విందట. ఆ నవ్వుతో అది పరీక్షలకి కూర్చోవడం నాకిష్టం లేదు.”

“నా ఉద్యోగం పోతుందే.”

“తెలుసు.”

“మరి ఇల్లెలా గడుస్తుంది?”

“అది తిన్నాక ఆలోచిద్దాం. ముందు ఇది చెప్పండి.” ఆవిడ గరిటె అందుకుంది, కానీ గిన్నెలోంచి తియ్యలేదు. “మీరూ వచ్చి మీ నోటితో చెప్తారా, నన్ను ఒక్కదాన్నే వెళ్లమంటారా?”

మాస్టారు కంచంలోకి చూశారు. అందులో ఇంకా ఏమీ లేదు.

లోపల లెక్కలు చదవడం ఆగిపోయింది.